హెచ్చరిక గీత ఎక్కడ గీయవలెను?



ఢిల్లీ నగరమున వానకాలము రాగానే పత్రికలలో ప్రతిదినము ఒక అంకె కనబడును. పాత రైలు వంతెనయొద్ద యమున నీటిమట్టము ఇన్ని మీటర్లని అందులో వ్రాయబడి యుండును. 204.50 మీటర్లు హెచ్చరిక స్థాయి, 205.33 మీటర్లు ప్రమాద స్థాయి. 206 మీటర్లు చేరినచో పల్లపు ప్రాంతములలోని జనమును ఖాళీ చేయింపవలెనని నిర్ణయము. ఇవి సముద్రమట్టమునుండి లెక్కించిన కొలతలు. ఈ మూడు అంకెలను నది ఎరుగదు. 205.32కును 205.34కును నీటిలో చెప్పుకొనదగిన భేదమేమియు లేదు. ఉన్న భేదమంతయు మనుష్యుడు చేయవలసిన పనిలో నున్నది.

నేడు కార్యాలయములలో కంప్యూటరు నెట్‌వర్కులను కనిపెట్టుచుండు ఉద్యోగులు సరిగా ఇట్టి గీతలనే గీయుచున్నారు. సర్వర్లు, రౌటర్లు, వాటిని కలుపు లింకులు ఎంత బరువు మోయుచున్నవో వారి తెరపై కనబడుచుండును. డిస్కు ఇంత నిండినచో, లింకు ఇంత రద్దీయైనచో, యంత్రము ఇంత వేడెక్కినచో అలర్టు రావలెనని వారు ముందుగా నిర్ణయించి పెట్టుదురు. నదికి గీసిన గీతకును, నెట్‌వర్కుకు గీసిన గీతకును ధర్మ మొక్కటే. ఆ ధర్మమును నేర్చుకొనుటకు ఢిల్లీ వారికి యమున చాలును.

భారతదేశమున శాస్త్రీయ పద్ధతిపై వరద సూచన ఆరంభమైనది ఈ వంతెనయొద్దనే. 1958 నవంబరులో నాటి కేంద్ర జల విద్యుచ్ఛక్తి సంఘమువారు యమునకు ఈ ఏర్పాటు చేసిరి. తెలుగువాడైన కానూరి లక్ష్మణరావుగారు ఆ సంఘములో ఇంజనీరుగా పనిచేసి, పిమ్మట కేంద్ర నీటిపారుదల మంత్రి యైన సంగతి చాలమందికి తెలిసినదే. నాడు ఒక్క కేంద్రముతో మొదలైన పని నేడు కేంద్ర జల సంఘము క్రింద దేశమందంతట మూడువందలకు పైగా కేంద్రములకు వ్యాపించినది. వరద దినములలో గంట గంటకు మట్టము కొలిచి, అంకెను పంపి, గీతతో పోల్చి, సూచన ప్రకటింతురు.

గీత గీయుటలో మొదటి సూత్రము: చేయవలసిన పనినుండి వెనుకకు లెక్కింపవలెను. హర్యానాలోని హత్నీకుండ్ బ్యారేజీవద్ద విడిచిన నీరు ఢిల్లీ చేరుటకు సుమారు రెండు మూడు దినములు పట్టును. అక్కడ లక్ష క్యూసెక్కులు దాటగానే ఇక్కడివారు మేల్కొనుటకు కారణ మిదియే. నది ఒడ్డున కాపురమున్న వారికి చాటింపు వేయుటకు, పడవలను సిద్ధపరచుటకు, డేరాలు వేయుటకు, పశువులను గట్టెక్కించుటకు ఎంత కాలము కావలెనో, అంత కాలము ముందుగా గంట మ్రోగవలెను. భద్రాచలమున గోదావరికి 43 అడుగుల యొద్ద మొదటి హెచ్చరిక, 48 అడుగుల యొద్ద రెండవది, 53 అడుగుల యొద్ద మూడవది యిత్తురు. మూడు మెట్లుండుట వలన తొందరపాటును తప్పినది, ఆలస్యమును తప్పినది. 1986 ఆగస్టులో అచ్చట మట్టము 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును ఎక్కినది. మూడవ గీత దాటిన తరువాత కూడ నది ఇరువది అడుగులు ఎదుగగలదని తీరవాసు లెరుగుదురు. కావుననే మొదటి గీతకే వారు మూటలు సవరించుకొందురు.

నెట్‌వర్కు విషయమున దీనిని ఒక లెక్కతో చూడవచ్చును. డిస్కు నూటికి 80 వంతులు నిండగానే అలర్టు రావలెనని పెట్టుట వాడుక. దినమునకు ఒక్క వంతు చొప్పున నిండు డిస్కుకు అప్పటికి ఇరువది దినముల గడువున్నది. దినమునకు అయిదు వంతులు నిండు డిస్కుకు మిగిలినది నాలుగే దినములు. క్రొత్త డిస్కు తెప్పించుటకు పదునైదు దినములు పట్టు కార్యాలయమున మొదటిదానికి 80 చాలును. రెండవదానికి 25 వంతులయొద్దనే మేల్కొనవలసి యుండును. కావున 80 అను అంకెకు స్వతఃసిద్ధమైన మహిమ యేమియు లేదు. వేగ మెంత, గడువెంత అను రెండు ప్రశ్నలకు ఉత్తరము తెలిసిన పిదపనే అంకె నిలుపవలెను.

రెండవ సూత్రము: గీత మరీ క్రిందికి దిగరాదు. "నాన్నా, పులి!" యని ఊరక కేకలు వేసిన పిల్లవాని కథ ప్రతి తెలుగు ఇంట తెలిసినదే. రెండువందల యంత్రములున్న కార్యాలయమున ఒక్కొక్క యంత్రము దినమునకు ఒక్క తప్పుడు అలర్టు పంపినను, ఏడు నిమిషముల కొకటి చొప్పున వచ్చి పడును. వారము తిరుగక ముందే ఉద్యోగి వాటిని చదువుట మానివేయును. ఆతని నిందించి ప్రయోజనము లేదు. తప్పు గీతలో నున్నది. దీనికి రెండు ఉపాయములు కలవు. అయిదు నిమిషముల కొకసారి కొలుచుచున్నప్పుడు ఒక్క కొలత గీత దాటినంతమాత్రమున గంట మ్రోగింపక, వరుసగా మూడు కొలతలు దాటినప్పుడే మ్రోగింపవలెను. మరియు 90 దాటగా మ్రోగిన గంట 89కి దిగగానే ఆగి, తిరిగి 90 కాగానే మ్రోగుచు విసిగింపకుండ, 80కి దిగినప్పుడే ఆగునట్లు చేయవలెను. ప్రాణాపాయము గల చోట మాత్రము ఈ నిదానము పనికిరాదు; అచ్చట ఒక్క కొలతయే చాలును.

మూడవ సూత్రము: గీసిన గీతను మరల మరల పరిశీలింపవలెను. యమున ఈ పాఠమును కఠినముగా చెప్పినది. 2019 ఆగస్టులో హత్నీకుండ్ వద్ద 8.28 లక్షల క్యూసెక్కుల నీరు విడిచిరి. ఢిల్లీలో మట్టము 206.60 మీటర్లకు ఎక్కి ఆగినది. 2023 జులై 11న అచ్చట సాగిన నీరు సుమారు 3.6 లక్షల క్యూసెక్కులు మాత్రమే. సగము కంటె తక్కువ యని ఊరటపడుటకు లేకపోయినది. జులై 13న మట్టము 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును నలుబదియైదేండ్ల పిమ్మట దాటినది. వేలాది జనులు ఇండ్లు విడిచి డేరాలలో తలదాచుకొనిరి. నీటిశుద్ధి కేంద్రములు మూతపడి నగరమునకు త్రాగునీటి కొరత యేర్పడినది. ఐటీవో బ్యారేజీలో కొన్ని తలుపులు పూడికలో కూరుకొని తెరచుకొనలేదు. పైన వచ్చిన నీటి నొక్కదానినే చూచినవారికి ఈ మట్టము ఊహకందదు. నీరు ఎంత వచ్చుచున్నదో కాక, దారి ఎంత తెరచియున్నదో కూడ చూడవలెను.

గీతలను మార్చుట కొత్త సంగతి కాదు. 2018 వరకు ఢిల్లీలో ప్రమాద స్థాయి 204.83 మీటర్లు, మరుసటి వానకాలమునకు అది 205.33 అయినది. కార్యాలయపు నెట్‌వర్కులును ఇట్టివే. ఉత్తరములు మాత్రమే పంపిన దినములలో గీసిన గీత, దృశ్య సమావేశములు నడచు ఈ దినములకు సరిపోదు. లింకు బలము పెంచిన మరునాడే గీతను గూడ సవరింపవలెను.

నాలుగవ సూత్రము: నిశ్శబ్దమును కుశలమని భావింపరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేల ప్రాణములు పోయినవి. తంతి తీగెలు తెగి, దారులు మునిగి, అక్కడి ఘోరము వెలుపలివారికి వెంటనే తెలియలేదు. వార్త రాకపోవుటయే నాడు అన్నిటికంటె పెద్ద వార్త. వరదలో కొలబద్దయే కొట్టుకొనిపోయినచో అంకె రాదు; రాని అంకె ఏ గీతను దాటదు. కనుక కొలత వచ్చినచో ఎంత యని చూచుటయే కాక, రావలసిన వేళకు రాకపోయినచో ప్రత్యేకముగా గంట మ్రోగునట్లు ఏర్పాటు చేయవలెను. నెట్‌వర్కును కనిపెట్టు యంత్రము కూడ పడిపోవచ్చును; దానిని కనిపెట్టుటకు వేరొకటి ఉండి తీరవలెను.

అయిదవ సూత్రము చిన్నది, కాని దానిని మరచినచో ముందటి నాలుగును వ్యర్థములు. హెచ్చరిక ఒక మనిషికి చేరవలెను. ఎవరును తెరవని పెట్టెలో పడిన ఈమెయిలు హెచ్చరిక కాదు. పగలు ఎవరికి, రాత్రి ఎవరికి, వారు పలుకనిచో పావుగంట తరువాత మరెవ్వరికి అనునది ముందుగా వ్రాసి యుంచవలెను. ఆ సందేశములో "మట్టము 205.40" అని మాత్రమే వ్రాసిన చాలదు, ఏ పని, ఎవరు, ఎంతలోపల చేయవలెనో స్పష్టముగా నుండవలెను. యమున ఒడ్డున కూరగాయలు పండించుకొను రైతునకు మీటర్ల లెక్కతో పనిలేదు. "నేటి రాత్రికి గట్టుమీదికి రండి" యని ఆతని భాషలో పిలుపు వినబడవలెను.

కేంద్ర ప్రభుత్వ కొలువులలో నున్న తెలుగువారిలో పలువురు ఇట్టి గీతలను కాపాడుచున్నారు. కొందరు నీటిని, కొందరు విద్యుత్తును, కొందరు రైళ్లను, కొందరు కంప్యూటర్లను కనిపెట్టుచున్నారు. ఏటేట వానకాలమునకు ముందు ఒక్క పూట కూర్చుండి, తమ కార్యాలయమందలి ప్రతి గీతను ఎదుట పెట్టుకొని అయిదు ప్రశ్నలు వేసికొన్న మేలు. ఈ గీత దాటిన పిదప ఎంత గడువు మిగులును? ఊరక మ్రోగుచున్నదా? ఎప్పుడు గీసినది? కొలత ఆగిపోయినచో తెలియునా? రాత్రి రెండు గంటలకు దీనిని ఎవరు విందురు? అయిదింటికిని ఉత్తరము కాగితముపై వ్రాసి, రాత్రి పనివాని బల్లపై నుంచిననాడు, గీత అవతల నిద్రించు కుటుంబమునకు మేల్కొనుటకు వ్యవధి దొరకును.