వారంటీ కార్డు నింపాలా?



ముప్పై మూడేళ్లు ఆఫీసు ఫైళ్లు భద్రపరచిన గుమాస్తాను, ఇంట్లో ఒక్క బిల్లు భద్రపరచలేకపోయాను. నిరుడు మా ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. వారంటీ గడువు ఇంకా ఉంది. కార్డు చూస్తే ఖాళీ, దుకాణం ముద్ర లేదు. బిల్లు చూస్తే అచ్చు వెలిసిపోయి తెల్లకాగితమే మిగిలింది. కొన్న తేదీకి రుజువు లేక పెన్షన్ డబ్బుతో కొత్త కంప్రెసర్ వేయించాను. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

కార్డు కంపెనీకి పంపనంత మాత్రాన సాధారణంగా హక్కు పోదు. అసలు ఆధారం బిల్లే. అయినా కొనేటప్పుడే కార్డుమీద తేదీ, సీరియల్ నంబరు రాయించి ముద్ర వేయించుకోండి. బిల్లుకు ఆ రోజే జిరాక్సు తీయించండి. ఆదాయమెంత, ఇంట్లో ఎందరు అని అడిగే గళ్లు నింపనక్కరలేదు. అవి వారి వ్యాపారానికే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. వివాదం వస్తే రెండేళ్లలోగా మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సరుకు ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు.

సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ లేకపోతే పెన్షన్ ఎలా ఆగుతుందో మనకు తెలుసు. ఇంటి సరుకుకు ఆ బిల్లూ, కార్డూ సర్వీసు రిజిస్టరే. సెలవు.