ఈ మన్ను ఎవరి చేలోది?
(భూమి సమస్యపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టా చేతికొస్తే పోరాటం అయిపోయిందనుకుంటాం. అయిపోలేదు. మనకిచ్చిన భూములు ఎక్కువగా ఎక్కడున్నాయి? గుట్టవార, వాగొడ్డున, చౌడులో. చెరువు కింద మడి ఎవరి చేతుల్లో ఉందో నేను చెప్పనక్కర్లేదు. ఎరువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మడిలో పెద్దరైతు ఏమేస్తే మనమూ అదే వేస్తున్నాం. ఆయన వేసేది సొంత డబ్బుతో, మనం వేసేది షాపులో అప్పు పెట్టి.

ఒక్క ఊళ్ళోనే మన్ను ఒక్క తీరుగా ఉండదు. గరుసు నేలలో ఒకేసారి యూరియా గుమ్మరిస్తే, పెద్ద వాన పడగానే నత్రజని వేరు దాటి కిందికి దిగిపోతుంది. అక్కడ రెండు మూడు దఫాలుగా వెయ్యాలి. చౌడులో జింకు ఉన్నా వేరుకు సరిగ్గా అందదు. వరి ఆకు మీద తుప్పు మచ్చలొస్తాయి. దానికి ఇంకో బస్తా యూరియా మందు కాదు. లీటరు నీళ్ళకి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొట్టాలి. ఏటేటా డి.ఏ.పి. వేసిన మడిలో భాస్వరం పేరుకుపోయి జింకును మరీ అందకుండా చేస్తుంది.

2015 ఫిబ్రవరి 19న కేంద్రం భూసార కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 పరీక్షల ఫలితాలుంటాయి. మంచిదే. కానీ అప్పుడు పెట్టిన రూలు చూడండి: నీటి పారుదల కింద 2.5 హెక్టార్లకు ఒక నమూనా, వానాధార భూమిలో 10 హెక్టార్లకు ఒకటి. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు! అందులో మన అరెకరం ఎక్కడ? మన్ను ఇంకొకరి చేలోది, కార్డు మీద పేరు మనదీ అయితే, ఆ లెక్క మనకేం పనికొస్తుంది?

అందుకే మన మన్ను మనమే తీద్దాం. కోతయ్యాక, ఎరువు వెయ్యకముందు తియ్యాలి. మెరక వేరు, పల్లం వేరు, చౌడు వేరు. ఒక్కో దాంట్లో ఎనిమిది పది చోట్ల, పై చెత్త గీకేసి, ఆరంగుళాల లోతున తియ్యండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసినచోట వద్దు. అంతా కలిపి అరకిలో ఉంచి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టండి. యూరియా సంచి వాడితే లెక్క తప్పుతుంది.

వాడలో పదిమంది సంచులు ఒక్కరోజే పట్టుకుని వ్యవసాయాఫీసుకు పోదాం. ఒక్కడు పోతే రేపు రమ్మంటారు, పదిమంది పోతే రసీదు రాస్తారు. ఫలితం వచ్చాక దాన్ని వాడలో అందరి ముందూ చదివించుకుందాం. ఆ తర్వాతే షాపు మెట్లెక్కుదాం. అప్పుడు ఎన్ని బస్తాలో మనమే చెప్తాం.