బిడ్డ డాక్టరు చదువుకు ఏ అప్పు?
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



కర్నూలు పెద్దాసుపత్రి గేటు దాటని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. అక్కడి మెడికల్ కాలేజీ 1956లో పెట్టినారు. ఇన్నేళ్లూ రోగులను తీసుకుని పోయినాం, ఇప్పుడు బిడ్డలను చదువుకు పంపాలని చూస్తున్నాం. సంఘం మీటింగుల్లో "పాప నీట్ రాసింది, సీటొస్తే డబ్బెట్లా అక్కా?" అని అడుగుతున్నారు.

అప్పు సంగతి తర్వాత. ముందు సీటు ఏ కోటాదో చూడాల. నంద్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైనప్పుడు పెట్టిన ఫీజులు చెప్తాను. కన్వీనర్ కోటాలో ఏడాదికి 15 వేలు. బి కేటగిరీకి 12 లక్షలు. ఎన్నారై కోటాకు 20 లక్షలు. క్లాసు ఒకటే, పాఠమూ ఒకటే! బి సీటుకు నాలుగేళ్లకే 48 లక్షలవుతాది. "చేనమ్మైనా చదివిస్తాం" అంటారు. వాన మీద ఆధారపడిన చేను అమ్మితే ఒక ఏడాది ఫీజు కట్టొచ్చేమో, రెండో ఏడాదికి ఏం అమ్ముతాం? నడిమిట్లో చదువాగితే చేనూ పాయె, డాక్టరూ పాయె. నన్నడిగితే, ఇంకో ఏడాది నీట్ రాయించడమే మేలు. సీటిప్పిస్తామని అడ్వాన్సు అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇయ్యొద్దు. బి కేటగిరీ సీటైనా నీట్ ర్యాంకు మీద, హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగులోనే ఇస్తారు.

కన్వీనర్ సీటు వచ్చి, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకు అది రాదు. ఆ సొమ్ము ఆలస్యమైన ఏళ్లూ చూసినాం. కాలేజీ ఆగదు, ముందు కట్టమంటుంది. హాస్టలు, పుస్తకాల ఖర్చు వేరే. ఇక్కడే మనవాళ్లు రెండు రూపాయల వడ్డీకి పోతారు.

లెక్క చూడండి. రెండు రూపాయలంటే ఏడాదికి నూటికి 24. నాలుగు లక్షలకు నెలకు 8 వేలు వడ్డీకే పోతాది. బ్యాంకు విద్యా రుణం 10 శాతం అనుకున్నా, అదే నాలుగు లక్షలకు నెలకు 3,333. మన లెక్కలో చెప్పాలంటే 83 పైసల వడ్డీ. పైగా చదివినన్నాళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదా కట్టనక్కర లేదు. వాయిదా లేదంటే వడ్డీ లేదని కాదు, అది నడుస్తానే ఉంటాది. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే ఆ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వం భరించే పథకం ఉంది. అప్పు తీసుకునేటప్పుడే దాని పేరెత్తి అడగండి. అడగకుండా ఎవరూ చెప్పరు.

నాలుగు లక్షల దాకా తాకట్టు అవసరం లేదు. తల్లో తండ్రో బిడ్డతో పాటు సంతకం పెట్టాల. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి అడుగుతారు. సంతకం పెట్టేవాళ్ల పేరు మీద పాత బాకీలు చూస్తారు కాబట్టి, ఇప్పటి వాయిదాలు తప్పకుండా కట్టుకోండి.

మరి మన సంఘం అప్పు? హాస్టలు అడ్వాన్సుకు, పుస్తకాలకు తీసుకోండి. కోర్సు ఫీజంతా దాంతో కట్టాలనుకోవద్దు. మన వాయిదా వచ్చే నెలే మొదలైతాది. ఎంబీబీఎస్ అయితే హౌస్ సర్జన్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అన్నాళ్లు ఒక సభ్యురాలు కట్టలేకపోతే మిగతావాళ్ల మీద పడుతాది. వాళ్లకూ బిడ్డలున్నారు కదా.

కౌన్సెలింగు దాకా ఆగకుండా ఆదాయం, కులం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయించేందుకు సమాఖ్య ఆఫీసుకు రండి, బిడ్డను కూడా తోడు తెచ్చుకోండి. బ్యాంకులో కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసియ్యమని అడగండి. ఆ కాగితం పట్టుకుని మేమూ మీతో బ్యాంకుకు వస్తాం.