మనసు ఉప్పు చాలని కూర కాదు

కవులూ పండితులూ కూర్చున్న సభకు వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి అధ్యక్షుణ్ణి చేశారు. మీ సాహసానికి కృతజ్ఞతలు. నాకు తెలిసిన శాస్త్రంలో మీ పనికి దగ్గరగా ఉన్న ఒక్క సంగతి విన్నవించుకుంటాను.

దిగులుపడే మనిషిని చూసి ఈమధ్య తరచు వినిపిస్తున్న మాట: "మెదడులో సెరటోనిన్ తగ్గిందట." ఎంత తేలిక! కూరలో ఉప్పు చాలలేదు, చిటికెడు వేస్తే సరి. ఈ మాట వెనక మన మొక్క ఒకటి ఉంది.

సర్పగంధి వేరును మన నాటువైద్యులు ఉన్మాదానికి తరతరాలుగా వాడారు. ఉన్మాదానికీ రక్తపోటుకూ అది మందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వైద్యపత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండు సిబా కంపెనీ శాస్త్రవేత్తలు దాన్నుంచి రిసర్పిన్ తీశారు. రక్తపోటుకు దాన్ని వాడినవాళ్లలో కొందరు దిగులులో కూరుకుపోయారు. అది మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ బృందం జంతువుల్లో చూపింది. అదే దశాబ్దంలో క్షయరోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ వాళ్లలో ఉత్సాహం పుట్టించింది. అది ఇలాంటి రసాయనాలు విరిగిపోకుండా అడ్డుపడే మందు. తగ్గితే దిగులు, పెరిగితే హుషారు. లెక్క కుదిరిందనుకున్నారు.

కుదరలేదు. ఇవాళ్టి మందులు సెరటోనిన్‌ను గంటల్లో పెంచుతాయి; దిగులు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఉప్పు లెక్కే అయితే ఇంత ఆలస్యమెందుకు? దిగులుకు సెరటోనిన్ లోపమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో జొవానా మాంక్రీఫ్ బృందం తేల్చింది; దానిపై వాదాలు నడుస్తూనే ఉన్నాయి. మందులు దండగని నేననడం లేదు, ఎందరికో అవి ఊరట. కానీ బిళ్ళ వేస్తే తలనొప్పి తగ్గిందని, ఒంట్లో బిళ్ళ లోపించిందనం కదా!

మరి రసాయనం చేసే పనేమిటి? 1994లో కాలిఫోర్నియాలో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం కొందరికి బొమ్మలతో ఒక కథ చెప్పింది. తల్లితో వెళుతున్న పిల్లవాణ్ణి కారు గుద్దుతుంది. వినేవాళ్లలో కొందరికి ముందే ప్రొప్రనలాల్ ఇచ్చారు. అడ్రినలిన్, నారడ్రినలిన్‌ల పనికి అడ్డుపడే మందు అది. విన్నప్పుడు కథ కదిలించిందని వాళ్లూ చెప్పారు. వారం తర్వాత అడిగితే, మందు వేసుకోనివాళ్లకు ఆ ప్రమాదఘట్టం మిగతా కథకన్నా గట్టిగా గుర్తుంది. వేసుకున్నవాళ్లకు ఆ తేడా లేదు. భావం కలగడం వేరు, నాటుకోవడం వేరన్నమాట. నారడ్రినలిన్ మెదడులోని అమిగ్డలా అనే భాగాన్ని కదిలించి, 'దీన్ని మరవకు' అని జ్ఞాపకానికి ముద్ర వేస్తుంది. అయితే ఆ నారడ్రినలిన్‌ను లేపిందెవరు? కథే. కొన్ని బొమ్మలు, కొన్ని మాటలు.

నాట్యశాస్త్రంలో భరతుడు లెక్కించిన ఎనిమిది సాత్త్వికభావాల్లో రోమాంచం ఒకటి. వెంట్రుక మొదట్లోని చిన్న కండరాన్ని బిగించేది నారడ్రినలిన్. చలికీ భయానికీ మంచి పాటకీ అదే రసాయనం, అదే వెంట్రుక. ఏది ఏదో రసాయనం చెప్పదు, సందర్భం చెబుతుంది. అందుకే భరతుడు పైకి కనిపించే అనుభావంతో ఊరుకోలేదు; దానికి ముందు, కారణమైన విభావం కావాలన్నాడు. ఏం చూసి, ఎవరివల్ల, ఎప్పుడు అన్నది తేలనిదే గగుర్పాటుకు అర్థం లేదు.

కాబట్టి నా మనవి ఒకటే. రేపు ఎవరైనా మీతో "నాకు సెరటోనిన్ తగ్గిందట" అంటే, మందు సరిగా వేసుకుంటున్నారా అని అడగండి. అది మావంటివాళ్ల ప్రశ్న. ఆ తర్వాత కాసేపు పక్కన కూర్చుని, "అసలేం జరిగింది?" అనీ అడగండి. అది మీ ప్రశ్న. మా చీటీలో దానికి చోటు చాలదు.