కాకిబంగారము – హట్టి బంగారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వెండి పండుగనాడు బంగారమును గూర్చి మాట్లాడుట యేమని కొందరు మిత్రులు నన్ను హాస్యమాడిరి. వారికి ముందే సమాధానము చెప్పుచున్నాను. భూమిలో బంగారము సాధారణముగా ఒంటరిగా నుండదు; కొంత వెండి దానితో కలిసియే యుండును. కనుక సభామర్యాద తప్పలేదు. నేను శాస్త్రము చదివినవాడను కాను. మా తండ్రిగారి పట్వారీ పని 1984లో ఆ వ్యవస్థ రద్దగుటతో ముగిసినది. నేను సహకార సంఘపు జమాఖర్చులు వ్రాయుచు, ఈ బీరువాల దయవలన అమరమును, కొంత అర్థశాస్త్రమును స్వయముగా చదువుకొన్నవాడను. తప్పులున్నచో పండితులు దిద్దవలెను.

ఈ విషయము నెన్నుకొనుటకు కారణమొకటి కలదు. దానిని దాచినచో నా ప్రసంగ మంతయు దొంగలెక్క యగును. కొన్ని యేండ్ల క్రిందట ఒక పెద్దమనిషి మన యూరికి వచ్చి, మన గుట్టమీది రాళ్ళను సంచిలో వేసికొనిపోయి, పదిహేను దినముల తరువాత మనలో కొందరిని హైదరాబాదు అమీరుపేటకు పిలిపించెను. అది అద్దెగది. బల్లమీద నల్లగుడ్డ, గుడ్డమీద మన రాయి. దీపము క్రింద అది పసుపుపచ్చగా తళతళలాడినది. గని పెట్టుదము, వాటాలు తీసికొనుడనెను. పదునొకండు ఇండ్లవారు డబ్బిచ్చిరి. ఒక తల్లి చేతిగాజులు అమ్మి యిచ్చినది. రసీదులు వ్రాసినవాడను నేను. నా దస్తూరి బాగుండునని నాకప్పగించిరి. నా దస్తూరిని చూచియే తక్కినవారు నమ్మిరి. మరుసటి నెల వెళ్ళి చూడగా గదికి తాళము. ఆ రాయి యేమిటయ్యా అని ఒక్క ప్రశ్న అడుగుటకు, ముప్పది యేండ్లు లెక్కలు తనిఖీ చేసిన నాకు తోచలేదు. ఆ ప్రశ్నకు ఈనాడు సమాధానము చెప్పబోవుచున్నాను.

మొన్న ఒక పెండ్లి నగలకొరకు బంధువులతో పంజాగుట్టకు పోయితిని. వారు లోపల హారములు చూచుచుండగా నేను బయట ఒక భవనమునకు త్రవ్విన పునాది గోతిని చూచుచు నిలిచితిని. పైన రెండు మూడు గజముల మొరము, దానిక్రింద గట్టి రాయి. అది మన గుట్టలోని రాయియే, గ్రానైటు. గులాబిరంగు, బూడిదరంగు ఫెల్డ్‌స్పారు, తెల్లని పలుగురాయి, నల్లని అభ్రకము – ఈ మూడు కలిసిన రాయి. భూగర్భమున కరిగిన ద్రవము మెల్లగా చల్లారి గట్టిపడగా నేర్పడినది. వయస్సు సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరములు. ఇందలి నల్లని అభ్రకము ఎండవానలకు నాని పాతబడినప్పుడు పసుపు వన్నెకు తిరిగి మెరయును. అమీరుపేట గదిలో మేము చూచినది అదియే. మన భాషలో దానికి పేరు కూడ ఉన్నది: కాకిబంగారము. పేరు తెలిసియుండియు వస్తువును గుర్తింపలేకపోతిమి.

మరి నిజమైన బంగారము ఎచట నుండును? మనకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము హట్టి. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో నున్న ఈ గని 1956 నవంబరు 1 వరకు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆంగ్ల కంపెనీవారు త్రవ్వి, 1920 ప్రాంతమున విడిచిపెట్టిరి. 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీ యేర్పడి మరల పని సాగించినది. రాష్ట్రముల పునర్విభజనలో రాయచూరు మైసూరునకు పోగా, కంపెనీ పేరునుండి హైదరాబాదు పోయి హట్టి వచ్చినది. ఒకనాటి మన ఖాతా మరియొకరి పుస్తకమునకు బదిలీ యైనదన్నమాట.

ఆ ప్రాంతపు నేల మన నేల వంటిది కాదు. చుట్టును గ్రానైటే, కాని నడుమ నొక నల్లరాతి పట్టీ కొక్కెమువలె వంగియున్నది. దానికి హట్టి–మస్కి పట్టీ యని పేరు. ధార్వాడు శిలలను వాని ఇందలివి. గ్రానైటుకంటె ముందే సముద్రము క్రింద పొంగి గడ్డకట్టిన లావా అది. తరువాత భూమిలోని ఒత్తిడికిని, వేడికిని రూపుమారి, ఆంఫిబొలైటు అను నల్లని గట్టిరాయి యైనది. భూమి కదలికలవలన ఆ రాయి కొన్ని చోట్ల నలిగి, నిలువున బీటలు వారినది. ఆ బీటలగుండ లోతునుండి మరిగిన నీరు పైకి వచ్చినది. బంగారము మామూలు నీట కరుగదు. కాని గంధకము కలిసిన ఆ వేడినీట సూక్ష్మముగా కరిగి ప్రయాణము చేయగలదు. ఇనుము మెండుగానున్న నల్లరాయి తగులగనే గంధకము ఇనుముతో చేరును, తోడు పోయిన బంగారము అక్కడనే దిగబడును. నీటిలోని సిలికా పలుగురాయిగా పేరుకొనును. పలుగుచాళ్ళకు గనివారు రీఫులని పేరు. అవి ఉత్తరమునుండి కొంచెము పడమటికి వాలి, లోతునకు నిలువుగా దిగుచుండును. ఆ చాళ్ళ వెంటనే గని దాదాపు కిలోమీటరు లోతునకు పోయినది.

ఆ చాళ్ళలో నున్న ఖనిజములు చెప్పెదను. అన్నిటికంటె బంగారమునకు దగ్గరిచుట్టము ఆర్సెనోపైరైటు. ఇనుము, గంధకము, పాషాణము కలిసిన వెండిరంగు ఖనిజము. పాషాణమనగా విషమే, లక్ష్మి విషముతో కాపురముండుట క్షీరసాగర మథనమునుండియు వచ్చుచున్న ఆచారము కాబోలు! తరువాత పైరైటు, పిరొటైటు, రాగిగల చాల్కోపైరైటు, సీసపు ఖనిజమైన గెలీనా, టంగ్‌స్టన్ గల షీలైటు కొద్దికొద్దిగా నుండును. వీనిలో పైరైటును చూచి ప్రపంచమంతట మోసపోయినవారు అనేకులు. బంగారమో, చాల భాగము కంటికి కనబడనంత సన్నము.

ఇచట నా వృత్తికి సంబంధించిన లెక్క యొకటి చెప్పనిండు. భూమి పైపొరలో సగటున టన్ను రాతికి కొద్ది మిల్లీగ్రాముల బంగారము మాత్రమే యుండును. హట్టి వంటి గనిలో టన్నుకు రెండు మూడు గ్రాములు. అనగా ప్రకృతి దానిని వేయిరెట్లకు దగ్గరగా చిక్కబరచినగాని గని కాదు. టన్నుకు రెండున్నర గ్రాములు దక్కినవనుకొందము. పది గ్రాముల తులమునకు నాలుగు టన్నుల రాయి. పంజాగుట్టలో మా బంధువులు కొన్నది ఐదు తులములు; ఇరువది టన్నులు, పది టన్నుల లారీలు రెండు. అంత రాతిని పాతాళమునుండి పైకి తెచ్చి, పిండిచేసి, వాలుబల్లలపై కడిగి బరువైన రేణువులు వేరుచేసి, తక్కినదానిని సయనైడు నీట నానబెట్టవలెను. ఆ సయనైడు పద్ధతి 1887లో స్కాట్లండువారు కనిపెట్టినది. కరిగిన బంగారమును బొగ్గు పీల్చుకొనును. దానినుండి తీసి కరగింతురు. వచ్చిన ముద్దలో వెండి కూడ నుండును. దానిని శుద్ధిలో వేరుచేయుదురు. ఇదంతయు విన్న తరువాత, గుట్టమీద సంచిలో నేరుకొన్న బంగారమును నమ్ముట యెంత వెర్రియో మీరే ఆలోచింపుడు.

ఇంత యంత్రము లేని కాలముననే మన పూర్వులు హట్టిలో 640 అడుగుల లోతునకు దిగిరి. రాతిని నిప్పుతో కాల్చి, పగిలినదానిని రాతిగుంటలలో నూరి కడిగిరి. ఆ పాతగుంతలలో దొరకిన కొయ్యను పరీక్షింపగా సుమారు రెండువేల యేండ్ల నాటిదని తేలినది. దీపపు వెలుతురున, పొగలో, అంత లోతున పనిచేసినవారి పేర్లు ఏ శాసనములోను లేవు. చక్రవర్తి పేరు మాత్రము ఆ గనుల పుణ్యముననే తెలిసినది. 1915లో బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు హట్టికి సమీపమున మస్కిలో ఒక శాసనము చూచెను. అంతకు మునుపు దొరకిన ధర్మశాసనములలో దేవానాంప్రియుడని, ప్రియదర్శి యని బిరుదములే. మస్కిలో మొదటిసారిగా అశోకుడను పేరు కనబడినది. కర్నూలు సీమలోని జొన్నగిరి దాపున ఎర్రగుడి శాసనము కూడ భూగర్భ శాస్త్రజ్ఞుని కంటనే పడినది. అశోకుని దక్షిణ రాజధాని పేరు సువర్ణగిరి యగుట ఊరకనే కాదు. అర్థశాస్త్రమున కౌటిల్యుడు గనుల అధ్యక్షునికి వేరుగా విధులు చెప్పెను. మలినమైన బంగారమును సీసముతో శుద్ధి చేయుటయు చెప్పెను. అమరసింహుడు బంగారమునకు పందొమ్మిది పేర్లు కూర్చెను. పేర్లన్నియు వల్లించిన నేను గుర్తుపట్టలేకపోయిన సంగతి మీకు చెప్పియే యున్నాను.

మన తెలుగువారు వేలకొలది పనిచేసిన కోలారు గని మూడు కిలోమీటర్లకు మించి లోతుపోయి, 2001 ఫిబ్రవరి 28న మూతబడినది. నేడు దేశమున ముఖ్యముగా బంగారము తీయుచున్నది హట్టియే. అదియు ఏటికి ఒకటిన్నర టన్నుకు అటునిటు. మనము కొనునది ఏటికి వందలకొలది టన్నులు, మిగిలినదానిలో చాల భాగము దిగుమతియే.

ఇక పరీక్ష. సుత్తితో కొట్టినచో పైరైటు పొడియగును, అభ్రకము రేకులుగా ఊడును, బంగారము మాత్రము సాగును. గరుకు పింగాణి ముక్కపై రుద్దినచో పైరైటు గీత నల్లగా నుండును, బంగారపు గీత పసుపుగానే యుండును. అవుసులవారి గీటురాయి ధర్మము అదియే. ఆ పదునొకండు రసీదుల నకళ్ళు నావద్ద నున్నవి. ఆ డబ్బులో ఒక్క రూపాయయు తిరిగి రాలేదు. గాజులమ్మిన తల్లికి నేను నెలనెలకు కొంత చెల్లించుచున్నాను, ఇంకను రెండేండ్ల బాకీ కలదు. ఈ బల్లమీద మూడు రాళ్ళుంచితిని: మన గుట్టది, పంజాగుట్ట పునాదిలోనిది, మస్కి దారిప్రక్క ఏరిన నల్లరాయి. ప్రక్కన పింగాణి ముక్కయు, సుత్తియు నున్నవి. సభ ముగిసిన పిదప పిల్లలు ముందు రావలెనని కోరుచున్నాను.