పాయింట్స్‌మన్ బాలయ్యను యాది చేసుకుందాం

(హైదరాబాద్ కృష్ణానగర్‌లో అడ్డా కూలీలు, సినిమా పనివాళ్లు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగాల అడ్డా మీద నిలబడి మేస్త్రీ పిలుపు కోసం చూసేటోళ్లు ఇక్కడ ఉన్నారు. షూటింగుల్లో లైట్లు మోసేటోళ్లు ఉన్నారు. మనలో చాలామందిమి ఊరు విడిచి వచ్చినోళ్లమే. అందుకే ఈ సాయంత్రం నాయకుల ముచ్చట గాకుండా, సంసారం ఈదిన ఒక మామూలు మనిషి ముచ్చట చెప్పాలనుకున్నాం. ఆయన పేరు బాలయ్య. ఆయన కొడుకు, కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన వై.బి. సత్యనారాయణ, 2011లో తండ్రి జీవితకథను ఇంగ్లీషులో అచ్చు వేయించిండు. తర్వాత అది 'మా నాయన బాలయ్య'గా తెలుగులో వచ్చింది.

కథ అప్పటి కరీంనగర్ జిల్లా వంగపల్లిలో మొదలైతది. బాలయ్య పూర్వీకుడొకాయన చెప్పుల జత కుట్టి నిజాంకు కానుక ఇస్తే, నిజాం 50 ఎకరాలు ఇచ్చిండు. అంటరానోని చేతిలో 50 ఎకరాలా? దొర ఓర్వలేదు. మిగిలినవి రెండు ఎకరాలు. రాజు ఇచ్చిన భూమినే ఊర్లె నిలుపుకోలేకపోయినమంటే, ఊరు ఎవరిదో చూడుండ్రి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, గ్రామాన్ని పొగిడేటోళ్లను ఎందుకు తప్పుబట్టిండో ఈ రెండు ఎకరాలే చెప్తయి.

ఆ భూమి పోయేనాటికి బాలయ్య తండ్రి నర్సయ్యకు 21 ఏండ్లు. ఆయన వంగపల్లి విడిచి రైల్వే పనిలో చేరిండు. ఆ ఒక్క అడుగుతో కొడుకుకు వెట్టి తప్పింది.

బాలయ్య పాయింట్స్‌మన్ అయ్యిండు. ఆ పని ఏందో తెల్వనోళ్లకు చెప్తాం. ఏ బండి ఏ పట్టా మీదికి పోవాలో చూసి, లీవరు లాగి పట్టాలు కలపాలె. వానైనా, చలైనా, అర్ధరాత్రైనా దీపం పట్టుకొని పోవాలె. లెక్క తప్పితే బండి బండికి గుద్దుకుంటది. దొర గడీల చేసే వెట్టి కంటే ఇదేం సుఖం గాదు. కానీ దీనికి నెల తిరిగితే జీతం ఉన్నది. ఆ జీతంతోనే బాలయ్య పిల్లలకు పలకలు కొన్నడు, ఫీజులు కట్టిండు. కొడుకులు తన తీరుగ పట్టాల మీద బతుకొద్దు, చదువుకోవాలె అని పట్టుబట్టిండు. ఒక్క తరంలో ఆ ఇంట్లోంచి కాలేజీ పంతుళ్లు వచ్చిండ్రు.

తల్లి కష్టం లేకుండా ఇది అయ్యేదా? కాదు. అయినా అట్ట మీద నాయన పేరే ఉన్నది. ఈ మాట మన మొగోళ్ల కోసమే చెప్తున్నాం.

"ఆయన ఏం జెండా పట్టిండు? తన సంసారం చక్కబెట్టుకున్నడు, అంతే గదా" అనే కార్యకర్తలు ఉన్నారు. మేము గూడా ఒకప్పుడు అట్లనే అన్నం, తప్పయింది. ఆ పుస్తకం మనోళ్లు అంటరానితనాన్ని తమ రాత అనుకొని తలవంచిన సంగతిని దాచలేదు. తలవంచిన ఇంట్లనే పిల్లల తల లేపడానికి ఒక మనిషి ఎన్ని రాత్రులు నిద్ర కాచిండో లెక్క పెట్టండి. అది ఉద్యమం గాదని ఎట్లంటాం?

ఇంకొక సంగతి. బాలయ్యకు దొరికినది పర్మనెంటు నౌకరి. అడ్డా మీద మనకు దొరికేది ఆ పూట కూలీ. చీటీ లేదు, సెలవు లేదు, కాలు విరిగితే అడిగే నాథుడు లేడు. అసొంటి జీతం లేకుండ మన పిల్లలను అంత దూరం చదివించుడు ఎట్ల? దీనికి మా దగ్గర తయారు జవాబు లేదు. చర్చ పెట్టాలె.

పంతుళ్లం గనుక ఒక హోంవర్క్ ఇస్తున్నాం. వచ్చే ఆదివారం మీ నాయన పేరు, అమ్మ పేరు, వాళ్లు చేసిన పని, ఊర్లె పోయిన భూమి సర్వే నంబరు తెలిస్తే అది గూడా, రాసుకొని రండి. రాయరానోళ్లు చెప్పండి, మేం రాసుకుంటాం. ఆదివారం గూడా కొందరికి పని ఉంటది కాబట్టి రాత్రి ఎనిమిదింటికి కూసుందాం.