చూపు లేకున్నా చదువుంది

(పాతబస్తీ అక్షరాస్యతా కేంద్రంలో మహిళల సమావేశంలో ఒక వాలంటీర్ టీచర్ చేసిన ప్రసంగం)



ఈరోజు పాఠం లేదు. పలకలు, పుస్తకాలు పక్కన పెట్టండి. ఒక సంఘం గురించి మాట్లాడుకుందాం. అది చాలా చిన్న సంఘం. ఇంకా పేరు కూడా పెట్టలేదు. గౌలిపురాలో ఒక ఇంటి ముందు గదిలో నడుస్తోంది. చూపు లేనివాళ్లు కంప్యూటర్ నేర్చుకోవడానికి తోడుగా నిలబడటమే ఆ సంఘం పని.

"కళ్లు కనిపించనివాళ్లకు కంప్యూటరా? అదెట్లా టీచర్?" అని మీరు అడుగుతారు. అందరూ అదే అడుగుతారు. చెప్తాను, వినండి.

వేలిముద్ర బాధ

మీలో చాలామంది మొన్నమొన్నటి దాకా వేలిముద్ర వేసినవాళ్లే. కాగితంలో ఏముందో తెలిసేది కాదు. ఎవరో చదివి చెప్తే నమ్మాలి. వేలికి అంటిన సిరాను కొంగుకు తుడుచుకుని ఇంటికి రావాలి. ఆ బాధ మీకు ఒకరు చెప్పనక్కరలేదు.

చూపు లేనివాళ్లకు ఇప్పటికీ అదే బాధ. పదో తరగతి పాసైనా సరే, ఉత్తరం వస్తే ఇంకొకరు చదవాలి. ఫోనుకు మెసేజ్ వస్తే తమ్ముడు చదవాలి. తమ్ముడు ఇంట్లో లేకపోతే? చదివింది సగమే చెప్తే?

మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయికి పందొమ్మిదేళ్లు. ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకు వెళ్లింది. "నీకు ఏటీఎం కార్డు ఎందుకమ్మా? మీ నాన్న పేరున పెట్టుకో" అన్నారు. ఆమె తిరిగి వచ్చేసింది.

నిజానికి రిజర్వు బ్యాంకు 2008లోనే అన్ని బ్యాంకులకూ ఆదేశం ఇచ్చింది. చూపు లేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు ఇవ్వకుండా ఉండకూడదని చెప్పింది. ఆ సంగతి తెలిసి ఉంటే ఆ అమ్మాయి అక్కడే నిలబడి అడిగేది. తెలియాలంటే చదవాలి. తనంతట తాను చదవాలి. అసలు విషయం అదే.

వేలితో చదువు, చెవితో చదువు

మనం కంటితో చదువుతాం. చూపు లేనివాళ్లు వేలితో చదువుతారు. ఆ లిపి పేరు బ్రెయిల్. ఫ్రాన్స్ దేశంలో లూయీ బ్రెయిల్ అనే ఆయన దాన్ని తయారు చేశాడు. ఆయన 1809లో పుట్టాడు. చిన్నప్పుడు తండ్రి తోలు పనిచేసే చోట ఆడుకుంటుంటే పదునైన పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. రెండు కళ్లూ పోయాయి. 1829లో ఆయన తన లిపిని పుస్తకంగా అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

ఆ లిపిలో ఉన్నవి ఆరు చుక్కలే. ఆ ఆరు చుక్కల్లో ఏవి ఉబ్బి ఉన్నాయో వేలికి తెలుస్తుంది. దాన్నిబట్టి అక్షరం. తెలుగుకూ బ్రెయిల్ ఉంది. ఉర్దూకూ ఉంది. ఉర్దూను మామూలుగా కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా. బ్రెయిల్‌లో మాత్రం ఉర్దూను కూడా ఎడమ నుంచి కుడికే చదువుతారు.

అయితే బ్రెయిల్ పుస్తకాలు లావుగా, బరువుగా ఉంటాయి. అన్ని పుస్తకాలూ దొరకవు. ఇంటికి వచ్చే ఉత్తరాలు బ్రెయిల్‌లో రావు. ఇక్కడే కంప్యూటర్ ఆదుకుంటుంది.

కంప్యూటర్‌లో తెర చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి వేస్తాం. తెర మీద ఏముందో అది గొంతుతో చెప్తుంది. మీట నొక్కితే ఏ అక్షరం నొక్కామో చెప్తుంది. తప్పు పడితే వెంటనే వినిపిస్తుంది. చూపు లేనివాళ్లకు మౌస్‌తో పని లేదు. అంతా మీటలతోనే.

మీటలు కనిపించకుండా ఎట్లా నొక్కుతారు? ఏదైనా కీబోర్డు మీద వేళ్లు పెట్టి చూడండి. ఎఫ్, జె అనే రెండు మీటల మీద చిన్న గీత ఉబ్బి ఉంటుంది. రెండు చూపుడు వేళ్లు అక్కడ ఆనిస్తే మిగతా మీటలు ఎక్కడున్నాయో వేళ్లకే తెలుస్తుంది. రోటి పచ్చడి నూరేటప్పుడు మీరు రోకలిని చూస్తూ కూర్చుంటారా? చేతికి అలవాటు. ఇదీ అంతే.

మొదట్లో ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే వేలకు వేలు కావాలి. బీదవాళ్లకు అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియా దేశంలో మైకేల్ కరన్ అనే యువకుడు కొత్తది ఒకటి మొదలుపెట్టాడు. ఆయనకే చూపు లేదు. దాని పేరు ఎన్‌వీడీఏ. దానికి డబ్బు కట్టనక్కరలేదు. ఎవరైనా తెచ్చుకుని వేసుకోవచ్చు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, అన్నీ చదువుతుంది. మా గదిలో ఉన్నది అదే. దాని గొంతు మనిషి గొంతులాగా మెత్తగా ఉండదు. కొన్నాళ్లకు చెవి అలవాటు పడుతుంది.

సంఘం ఎట్లా నడుస్తోంది?

మా దగ్గర రెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. రెండు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. హెడ్‌ఫోన్ లేకపోతే మన బస్తీలో పని జరగదు. బోనాల రోజుల్లో మైకులు మోగుతుంటే కంప్యూటర్ గొంతు వినపడుతుందా?

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి. గదిలో కుర్చీ, బల్ల, బిందె ఎక్కడివి అక్కడే ఉండాలి. ఊడ్చినా, కడిగినా మళ్లీ అక్కడే పెట్టాలి. లేకపోతే తగిలి పడతారు.

రెండు. గదిలోకి వచ్చేవాళ్లు పేరు చెప్పి రావాలి. వెళ్లేటప్పుడూ చెప్పి వెళ్లాలి. లేకుంటే ఆమె ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటుంది.

మూడు. దారి చూపేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. ఆమే మన మోచెయ్యి పట్టుకుంటుంది. మనం అర అడుగు ముందు నడవాలి. గుంత వస్తే, మెట్టు వస్తే నోటితో చెప్పాలి.

నాలుగు. ఆమె మీట తప్పు నొక్కితే మనం నొక్కిపెట్టకూడదు. "ఎడమవైపు ఇంకో మీట" అని చెప్పాలి. ఆలస్యం అవుతుంది, కానివ్వండి. పాపం అని మనమే చేసిపెడితే ఆమెకు పని ఎప్పుడు వస్తుంది?

ఐదు. రహస్య సంఖ్య ఆమెదే. దాన్ని మనం అడగకూడదు, రాసి పెట్టుకోకూడదు. డబ్బుకు సంబంధించిన మాట కదా.

ఆరు. నెలకోసారి లెక్క అందరి ముందూ పైకి చదవాలి. కరెంటుకు ఎంత, ఆటోకు ఎంత, చందా ఎవరిచ్చారు, అంతా వినిపించాలి. పుస్తకం చూపిస్తే సరిపోదు. మా సభ్యుల్లో ఇద్దరికి చూపు లేదు. అందులో ఒకాయనే మా అధ్యక్షుడు. చూపు లేనివాళ్ల సంఘంలో చూపు లేనివాళ్ల మాట ముందు ఉండాలి. లేకపోతే అది సంఘం కాదు, దానం.

మీరేం చేయగలరు?

"మాకే ఇప్పుడిప్పుడు అక్షరాలు వచ్చాయి. మేమేం సాయం చేస్తాం?" అనుకోకండి. మీతో చాలా పని ఉంది.

కంప్యూటర్ అన్నిటినీ చదవలేదు. చేత్తో రాసిన కాగితం చాలాసార్లు దానికి అర్థం కాదు. డీటీపీ షాపుల్లో పాత ఫాంటులో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అది పిచ్చి గీతలు. ఏమేమో చదువుతుంది. యూనికోడ్ అనే పద్ధతిలో కొట్టిన తెలుగైతే చక్కగా చదువుతుంది. కాబట్టి పాత కాగితాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. లేదా ఫోనులో రికార్డు చేసి ఇవ్వాలి. నెమ్మదిగా, కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు. చదివితే మీ చదువూ గట్టిపడుతుంది.

2012లో కాపీరైటు చట్టాన్ని కూడా మార్చారు. చూపు లేనివాళ్ల కోసం, లాభం చూసుకోకుండా, పుస్తకాన్ని వినే రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. కాబట్టి భయం అక్కరలేదు.

ఇంకో పని. అట్టముక్క తీసుకుని, మధ్యలో వేలెడు పొడవున సన్నటి కిటికీ కోయండి. దాన్ని కాగితం మీద సంతకం చేసే చోట పెడితే, చూపు లేని మనిషి ఆ కిటికీలో వేలు ఆనించి సంతకం చేయవచ్చు. గీత దాటిపోదు. ఆ బ్యాంకు నుంచి తిరిగి వచ్చిన అమ్మాయి ఇట్లాగే సంతకం నేర్చుకుంది. కార్డు కావాలని తానే దరఖాస్తు టైపు చేసుకుంది. కింద తానే సంతకం పెట్టింది. రిజర్వు బ్యాంకు మాట కూడా అందులో రాసింది. ఈసారి కార్డు ఇచ్చారు.

మీ ఇళ్లలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు చూడండి. చాలా ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే ఏర్పాటు ముందే ఉంటుంది. అది తెరను చదివి వినిపిస్తుంది. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2020లో మణి అనే యాప్ తెచ్చింది. నోటును ఫోను ముందు పెడితే వందా, ఐదు వందలా చెప్తుంది. చిల్లర దగ్గర మోసపోయే బాధ తగ్గుతుంది.

తల్లులకు ఒక మాట

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు ఇబ్బంది ఉన్నవాళ్లు సుమారు 50 లక్షల మంది. వాళ్లు ఎక్కడో లేరు. మన గల్లీల్లోనే ఉన్నారు. లోపలి గదుల్లో ఉన్నారు.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో ఒక బాబు పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఆ బిడ్డను పెంచవద్దని తల్లిదండ్రులకు చెప్పినవాళ్లున్నారు. ఆ తల్లిదండ్రులు వినలేదు. హైదరాబాద్‌లో దేవనార్ అంధుల పాఠశాలలో చదివించారు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, చూపు లేనివాళ్లకు కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాలయంలో చదివాడు. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టాడు. ఆయనే బొల్లా శ్రీకాంత్. 2024లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

అందరూ అంత కావాలని నేను చెప్పను. తన ఉత్తరం తాను చదువుకుంటే చాలు. తన డబ్బు తాను లెక్క చూసుకుంటే చాలు. అది ప్రతి బిడ్డకూ కావాలి.

"ఆడపిల్ల, చూపు లేదు, బయటికి ఎట్లా పంపను?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. అది ఉత్త భయం కాదు, న్యాయమైన భయం. అందుకే ఇద్దరు ఆడవాళ్లు ఇంటికి వచ్చి తీసుకెళ్తారు. మళ్లీ ఇంట్లో దింపుతారు. తల్లి కావాలంటే గదిలో కూర్చోవచ్చు. ఆ తల్లి మొదటి నెలంతా కూర్చుంది. రెండో నెల నుంచి రావడం మానేసింది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిది ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. ప్రభుత్వ ఉద్యోగాల్లో చూపు లేనివాళ్లకు, చూపు బాగా తక్కువ ఉన్నవాళ్లకు కలిపి ఒక శాతం కేటాయింపు ఉంది. ఇవన్నీ అందాలంటే ముందు వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పని మీద వెళ్లేటప్పుడు కూడా సంఘం తోడు వస్తుంది.

ఇంకా ఇద్దరు కావాలి

చివరి మాట. సంఘాన్ని రిజిస్టరు చేయించాలి. రిజిస్టరైతే సంఘం పేరున బ్యాంకు ఖాతా ఉంటుంది. చందాలకు రసీదు ఇవ్వవచ్చు. లెక్క ఒకరి చేతిలో ఉండదు. మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. దాని ప్రకారం కనీసం ఏడుగురు పెద్దవాళ్లు ఉండాలి. మేము ఐదుగురం ఉన్నాం. ఇంకా ఇద్దరు కావాలి.

ఆ ఇద్దరూ ఈ గదిలోంచే రావాలని నా ఆశ. వారానికి రెండు సాయంత్రాలు చాలు. ఇంట్లో అడగండి. ఆలోచించుకోండి. తొందర లేదు.

దరఖాస్తు కాగితం ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను. ముందు చదవండి. అర్థం కానిది అడగండి. ఒప్పుకుంటేనే పేరు రాయండి. సిరా డబ్బా తేలేదు, పెన్ను తెచ్చాను.